మిషన్ డ్యూటీకి వెళ్తున్నారా? అక్కడి మనుషులతో మాట కలపడం ఎలాగంటే

ఐక్యరాజ్యసమితి శాంతిరక్షణ మిషన్‌కు వెళ్లమని ఆర్డరు చేతికొచ్చింది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారు. నీలం టోపీ ట్రంకు పెట్టెలో చేరింది. ఇంట్లో అమ్మకు టెన్షన్ మొదలైంది. తుపాకీ గురించి, వైర్‌లెస్ సెట్టు గురించి మీకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి నిబంధనలు ఢిల్లీలోని శాంతిరక్షణ శిక్షణ కేంద్రం వాళ్లు చెప్తారు. 2000 నుంచి వాళ్లు చేస్తున్న పనే అది. నేను రాస్తున్నది ఆ క్లాసులన్నీ అయిపోయాక ఎదురయ్యే పని గురించి. పరాయి దేశంలో ఒక చెట్టు కింద, మన భాష ఒక్క ముక్క రాని పెద్దాయన ఎదురుగా కూర్చుంటారు మీరు. ఏం మాట్లాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను సుబేదారుగా రిటైరై ఒంగోలు దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. సర్వీసులో ఒక ఏడాది దక్షిణ సూడాన్‌లో గడిచింది. నైలు నది పక్క పల్లెలు తిరిగాను. చాలామంది యువ సైనికులు అక్కడి జనంతో మాట్లాడటమంటే కబుర్లు రాబట్టడం అనుకుంటారు. నిన్న రాత్రి ఇటు ఎవరు వచ్చారు, ఎంతమంది, ఏ దిక్కుకు వెళ్లారు అని అడుగుతారు. ఎదుటివాడికి అది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. మన ఊరికి జీపులో వచ్చిన అధికారి నేరుగా అదే అడిగితే మనవాళ్లు మాత్రం చెప్తారా? "ఏమో సార్, నేను పొలంలో ఉన్నాను" అంటారు. అక్కడా అంతే. ముందు ఆయనెవరో మీరు తెలుసుకోవాలి, మీరెవరో ఆయనకు తెలియాలి. తర్వాత సంగతులు వాటంతట అవే వస్తాయి. ఎప్పటికీ రాకపోయినా, మీరు ఆ ఊరి గురించి తెలుసుకున్నది వృథా పోదు.

బయల్దేరేముందు

పరాయివాడిగా ఉండటం మీకు కొత్త కాదు. ట్రైనింగ్ సెంటర్‌లో మొదటి వారం గుర్తు చేసుకోండి. డ్రిల్ నేర్పే ఉస్తాద్ హిందీలో ఏదో అరిచాడు, అందరూ పరిగెత్తారు, మీరూ పరిగెత్తారు. మెస్‌లో ఇంకొంచెం అన్నం అడగడానికి మాట దొరకలేదు. ఆ రోజు మీకు ఎవరు ఓపిగ్గా చెప్పారు, ఎవరు వెక్కిరించారు, మీకిప్పటికీ గుర్తుంటుంది. అక్కడ ఆ ఓపిక చూపాల్సింది మీరు.

అభ్యాసానికి విదేశం దాకా వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కాలేజీకి, సైన్యంవాళ్ల ఇంజినీరింగ్ కాలేజీ ఈఎంఈకి మిత్రదేశాల అధికారులు చదువుకోవడానికి వస్తుంటారు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో విదేశీ క్యాడెట్లు ఉంటారు. విశాఖలో నౌకాదళాల మిలన్ విన్యాసాలు జరిగితే పదుల దేశాల నావికులు బీచ్ రోడ్డు మీదే కనిపిస్తారు. 2022లో, 2024లో అలాగే జరిగింది. ఆ చుట్టుపక్కల పోస్టింగ్ ఉంటే, వాళ్లకు తోడుగా వెళ్లే డ్యూటీ కావాలని అడిగి తీసుకోండి. "మీ ఊళ్లో పొద్దున్నే ఏం తింటారు?" అన్న ప్రశ్నతో గంట గడుస్తుంది. మీరు ఎక్కడ తడబడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

ముప్పై మాటలు నేర్చుకోండి. "ఆగు", "చేతులు పైకెత్తు" లాంటివి ఎలాగూ నేర్పిస్తారు. నేను చెప్పేది ఇంట్లో వాడే మాటలు. దక్షిణ సూడాన్‌లో జూబా అరబ్బీ అనే అక్కడి అరబ్బీ యాస చాలామందికి అర్థమవుతుంది. "ఇతా కేఫ్?" అంటే ఎలా ఉన్నావు. "మోయో" అంటే నీళ్లు, "లెబెన్" పాలు, "బగరా" ఆవు, "షుక్రన్" ధన్యవాదాలు. పొరపాటు జరిగితే "మాలేష్" అనాలి. నువేర్ తెగవాళ్ల ఊళ్లో "మాలే" అని పలకరిస్తే ముఖం విప్పారుతుంది. ఇంకో సంగతి. అరబ్బీలో "హిందీ" అంటే భారతీయుడు. "నువ్వు హిందీనా?" అని అడిగితే భాష గురించి కాదు, దేశం గురించి అడుగుతున్నారు. అవునని చెప్పండి.

తర్వాత ఒక కాగితం తీసుకుని, మీ ఊరికీ ఆ ఊరికీ ఏం కలుస్తుందో రాయండి. నేను ఈ పని ముందుగా చేయలేదు, వెళ్లాక తెలిసింది. అక్కడి నేల మన నల్లరేగడే. వాన పడితే బండి చక్రం దిగబడిపోతుంది, చెప్పుకు అంగుళం మందాన అంటుకుంటుంది. అక్కడి తిండి జొన్నే. పిండి ఉడికించి ముద్దచేసి తింటారు. అసీదా అంటారు దాన్ని, మన సంగటిలాంటిదే. సాయంత్రం పశువుల మంద దగ్గర పేడ కాల్చి దోమలకు పొగ పెడతారు, ఆ బూడిద ఒంటికి పూసుకుంటారు. పిడకల పొగ వాసన తెలిసిన మనిషికి ఆ సాయంత్రాలు పరాయివి అనిపించవు. మా మాటలు అనువదించే దుబాసీ సాయంతో నేను "మా ఊళ్లోనూ ఇదే మట్టి" అని చెప్పి, చెప్పుకంటిన బురద పుల్లతో గీకి చూపించాను. అక్కడున్న కుర్రాడు తన కాలు చాపి తన మడమకున్న బురద చూపించాడు. ఆ ఊళ్లో నాతో మొదట మాట కలిపింది ఆ పిల్లాడే.

మొదటిసారి వెళ్లినప్పుడు

బండ్లు ఊరి బయటే ఆపండి. భద్రత ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు తుపాకీ మూతి కిందికి ఉంచండి. నల్ల కళ్లద్దాలు తప్పకుండా తీసేయండి. కళ్లు కనిపించని మనిషిని ఎవరూ నమ్మరు. ముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్లాలి. దారిలో ఎంత తెలిసినవాడు కనిపించినా పలకరించి ముందుకు నడవండి. పెద్దను దాటి వేరే ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటివాళ్లకే ఇబ్బంది.

ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోండి. ఆయన నేల మీద, మీరు కుర్చీలో అన్న పరిస్థితి రానీయకండి. చేయి కలిపితే ఆయన వదిలేదాకా వదలకండి, అక్కడ అది చాలాసేపు సాగుతుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడి చేత్తోనే. ఈ ఒక్కటీ మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, చిన్నప్పుడు ఎడం చెయ్యి చాపితే అమ్మ కొట్టిన దెబ్బ చాలు.

పలకరింపు సాగదీయండి. ఆరోగ్యం, పిల్లలు, పశువులు, వాన, మళ్లీ ఆరోగ్యం. మన పల్లెల్లో వియ్యంకులు ఎదురైనప్పుడు మాట్లాడుకున్నట్టు. టైమ్ వేస్ట్ అనిపిస్తుంది, కానీ మీ తీరు ఎలాంటిదో ఆయన కనిపెడుతున్నది ఆ పది నిమిషాల్లోనే. మొదటి రాకలో డ్యూటీకి సంబంధించిన ప్రశ్న ఒక్కటీ అడగవద్దని నా గట్టి సలహా. రిపోర్టులో రాయడానికి ఏమీ లేదని పైవాళ్లు అంటే, ఊరి పెద్ద పేరు రాయండి, బావి ఎక్కడుందో రాయండి, మళ్లీ వెళ్తానని రాయండి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా నాన్నకు ఒంగోలు గిత్తలుండేవి, పశువుల మాట ఎత్తితే నాకు నోరు ఆగదు. మూడోసారి కలిసినప్పుడు ఒక పెద్దాయనను సంబరంగా "మీకు ఎన్ని ఆవులున్నాయి?" అని అడిగేశాను. దుబాసీ ఒక్క క్షణం ఆగి అనువదించాడు. పెద్దాయన చేతిలోని కర్రతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు, జవాబు లేదు. తిరిగొస్తుంటే దుబాసీ చెప్పాడు: పెళ్లికి కన్యాశుల్కం ఆవుల్లోనే ఇస్తారు, తగాదా తీరిస్తే జరిమానా ఆవుల్లోనే కడతారు, మందల కోసం ఊళ్ల మీద దాడులు జరుగుతాయి. తుపాకీ పట్టుకున్న పరాయివాడు లెక్క అడిగితే ఏమనుకుంటారు? మన ఊళ్లో ఒకరి బ్యాంకు ఖాతాలో ఎంతుందని నలుగురిలో అడగడమే అది. తర్వాతి వారం వెళ్లి "మాలేష్" చెప్పాను, ఆయన తలూపాడు. మళ్లీ మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది.

మరి పశువుల గురించి ఎలా అడగాలి? రంగు అడగండి. అక్కడి డింకా తెగవాళ్ల భాషలో ఎద్దు రంగుకు, మచ్చకు విడివిడిగా పేర్లున్నాయి. ఎర్రటిది మలువల్, నలుపూ తెలుపూ కలిసింది మజోక్, తెల్లటిది మబియోర్. ఆ పేర్లే మనుషులకూ పెడతారు. మనం కపిల, పుల్లావు, మచ్చల గిత్త అని చెప్పుకున్నట్టు. "ఈ ఎద్దును ఏమంటారు?" అన్న ప్రశ్నకు ఏ పెద్దాయనా మౌనంగా ఉండడు. నేను ఫోన్‌లో మా ఇంటి తెల్ల గిత్త ఫొటో చూపించాను. దాని మూపురం చూసి నలుగురు వచ్చి చేరారు. కొమ్ములు ఇంత పొట్టిగా ఉన్నాయేమని అడిగారు, వాళ్ల పశువుల కొమ్ములు బారెడు ఉంటాయి మరి. ఆ రోజు ప్రశ్నలన్నీ వాళ్లవే. అలా వాళ్లు మిమ్మల్ని అడిగే రోజు వస్తే, దారిలో పడ్డారని అర్థం.

అడగకూడని ఇంకో ప్రశ్న, దీన్ని రాసి పెట్టుకోండి: "మీది ఏ తెగ?" మనకు అది మామూలు కుతూహలమే. కానీ 2013 డిసెంబరులో అంతర్యుద్ధం రాజుకున్నప్పుడు రాజధాని జూబా వీధుల్లో మనుషుల్ని ఆపి తెగ అడిగి చంపారు. ఆ ప్రశ్న విన్న మనిషికి ముందు గుర్తొచ్చేది అదే. నుదుటి మీద తెగ గుర్తుగా కోసిన గీతలు చూసి "నువ్వు ఫలానా కదా" అనడం కూడా వద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.

ప్రశ్న వేశాక ఆగండి. మనవాళ్లకు మౌనం భరించడం కష్టం, వెంటనే ఇంకో ప్రశ్న వేసేస్తాం. ఆయన నిదానంగా ఆలోచించి చెప్తాడు. మీరు రెండో ప్రశ్న వేస్తే మొదటిదానికి జవాబు ఎప్పటికీ రాదు.

దుబాసీతో పని

మీ ఆలోచన తెలుగులో పుడుతుంది. హిందీలోనో ఇంగ్లీషులోనో మీ అధికారికి చెప్తారు. ఇంగ్లీషు నుంచి దుబాసీ దాన్ని అరబ్బీలోకో నువేర్‌లోకో మారుస్తాడు. మూడు కాల్వలు దాటేసరికి నీరు ఎంత మిగులుతుంది? అందుకే చిన్న వాక్యాలు. ఒక్కసారికి ఒక్క సంగతి. సామెతలు, ఎగతాళి మాటలు వద్దు.

దుబాసీ వైపు చూసి మాట్లాడకండి. పెద్దాయన కళ్లలోకి చూసి మాట్లాడండి, జవాబు వస్తున్నప్పుడూ ఆయన్నే చూడండి. "అతన్ని అడుగు" అనకండి, నేరుగా "మీ వాన ఎలా ఉంది?" అనండి. బయల్దేరేముందు దుబాసీతో పావుగంట కూర్చుని, ఏం అడగబోతున్నారో చెప్పి, ఏది బాగోదో ముందే అడగండి. నేను ఆవుల లెక్క అడగకముందు ఈ పని చేసి ఉంటే ఆ నెల పోయేది కాదు.

దుబాసీ కూడా ఆ దేశం మనిషే, అతనిదీ ఒక తెగ, అతని కుటుంబమూ ఏదో శిబిరంలో ఉంటుంది. ఏ ఊరికి అతన్ని తీసుకెళ్తే అతనికి ప్రమాదమో ముందు అతన్నే అడగండి. మీరు ఏడాదికి వెళ్లిపోతారు, అతను అక్కడే ఉంటాడు.

ఇప్పుడు "చూద్దాంలే" గురించి. మన భాషలో ఈ మాటకు సగంపైగా కాదనే అర్థం, అది మనందరికీ తెలుసు. ఒక ఊళ్లో బోరు బాగుచేయమని అడిగితే మాలో ఒకరు ఈ మాటనే ఇంగ్లీషులో అన్నారు. దుబాసీ దాన్ని "చేస్తారు" అని చెప్పాడు. రెండు వారాల తర్వాత వెళ్తే ఆడవాళ్లు బోరు చుట్టూ శుభ్రంచేసి, ముళ్లకంప కంచె వేసి ఎదురుచూస్తున్నారు. ఆ ముళ్లకంచె నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. మీ చేతిలో లేని పని అడిగితే "ఇది నా చేతిలో లేదు, ఫలానా వారికి చెప్తాను, జవాబు తెచ్చి చెప్తాను" అనండి. జవాబు లేదన్నదే అయినా వెళ్లి చెప్పండి.

లెబనాన్ అయితే

దక్షిణ సూడాన్‌లో నేర్చుకున్నది అక్కడ అచ్చంగా పనికిరాదు. మన బెటాలియన్లు 1998 నుంచి దక్షిణ లెబనాన్‌లో పనిచేస్తూ వచ్చాయి. ఇబెల్ అల్ సఖీ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవులు, ద్రూజులనే మతంవాళ్లు, సున్నీలు, షియాలు పక్కపక్కనే బతుకుతారు. ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కితే పద్ధతి మారుతుంది. అక్కడ చేసి వచ్చిన మా తోటివాళ్లు చెప్పినవి కొన్ని రాస్తాను.

ఇంటికి వెళ్తే చిన్న కప్పులో చక్కెర లేని కాఫీ పోస్తారు. వద్దనకండి. తాగేసి కప్పు ఊరికే చాపితే మళ్లీ పోస్తారు, చాలనిపిస్తే కప్పును కొంచెం ఊపి ఇవ్వాలి. బూటు అడుగు ఎదుటివాళ్లకు కనిపించేలా కాలు మీద కాలు వేయకండి. ఆడవాళ్లకు మీరు ముందుగా చేయి చాపకండి. ఆమె చాపితే కలపండి, లేదంటే గుండె మీద చేయి పెట్టుకుని తల వంచితే చాలు. పెద్దవాళ్లను పెద్దకొడుకు పేరుతో "అబూ ఫలానా" అని పిలుస్తారు, తల్లిని "ఉమ్ ఫలానా" అంటారు. మన పల్లెల్లో "రాముడి నాన్న" అన్నట్టే. ఆ పిలుపు నేర్చుకుంటే ఇంటివాళ్లలో ఒకరిలా చూస్తారు. చదువుకున్న జనం, రాజకీయాలు బాగా మాట్లాడతారు, మిమ్మల్నీ అందులోకి లాగుతారు. వినండి, అభిప్రాయం చెప్పకండి.

మన పశువైద్యులు, డాక్టర్లు ఆ ఊళ్లలో పెట్టే క్యాంపులకు తోడుగా వెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి. క్యూలో మేకను పట్టుకుని నిలబడ్డ రైతుకు బోలెడు టైమ్ ఉంటుంది.

ఆడవాళ్లతో మాట

ఊళ్లో సగం మంది మగ సైనికుడితో నోరు విప్పరు. నీళ్లకు ఏ దారి భయం, కట్టెలకు వెళ్లినప్పుడు ఎవరు ఎదురవుతారు అన్నవి వాళ్లకే తెలుసు. ఈ మాట యూనిట్లలోని మహిళా సైనికులకు ప్రత్యేకంగా చెప్తున్నాను: ఈ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. లైబీరియాకు 2007లో మన దేశం మహిళలతోనే ఒక పోలీసు దళాన్ని పంపింది, 2016 దాకా వరుసగా కొత్త బృందాలు వెళ్లాయి. కాంగోలో 2023 మార్చి నుంచి 2024 ఏప్రిల్ దాకా పనిచేసిన మేజర్ రాధికా సేన్ ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని మాట్లాడుకునే చోట్లు ఏర్పాటు చేశారు. పిల్లలకు ఇంగ్లీషు క్లాసులు పెట్టించారు. ఐక్యరాజ్యసమితి ఆమెకు 2023 ఏటి సైనిక జెండర్ అడ్వొకేట్ పురస్కారం ఇచ్చింది. దుబాసీ కూడా ఆడమనిషి అయ్యేలా చూసుకోండి, లేకపోతే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి.

మగవాళ్లకు ఒక్క మాట. డబ్బు, తిండి, ఉద్యోగం, ఏది ఆశచూపి అయినా లైంగిక సంబంధం పెట్టుకోవడం ఐక్యరాజ్యసమితి నిబంధనల్లో నిషిద్ధం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో వయసు తెలియదన్న సాకు కూడా చెల్లదు. ఎవరైనా గీత దాటుతుంటే మీరు చెప్పితీరాలి. ఒక్కడు చేసినది ఆ ఊళ్లో అందరి నోళ్లూ మూయిస్తుంది, ఆ ఆడబిడ్డ జీవితం సంగతి సరేసరి.

వేరే దేశాల సైనికులతో

ఇది తేలిక. రువాండా, ఇథియోపియా, మంగోలియా, నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు పక్క టెంట్లోనే ఉంటారు. పండగకు పిలవండి, పులిహోర పెట్టండి, వాలీబాల్ ఆడండి. వాళ్లలో ఎవరైనా ఆ ఊళ్లలో మీకంటే ముందు నుంచి ఉంటే, వాళ్లు చేసిన పొరపాట్లు అడగండి. నా అనుభవంలో అవి ఏ క్లాసులోనూ దొరకవు. సరిహద్దు తగాదాల జోలికి మాత్రం పోకండి. పెట్రోలింగ్ టైమ్, బలం, ఫోన్‌లోని యూనిట్ ఫొటోలు ఎంత మంచి స్నేహితుడికైనా చెప్పొద్దు, చూపొద్దు.

మాట ప్రమాదాన్ని చెరపదు

పరిచయం ఉంది కదా అని జాగ్రత్త వదలకండి. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లే రాష్ట్రంలో గుమురుక్ దగ్గర కాన్వాయ్ మీద దాడిలో మన సైనికులు ఐదుగురు పోయారు. అదే ఏడాది డిసెంబరు 19న అకోబోలో, తలదాచుకోవడానికి వచ్చిన జనాన్ని కాపాడుతూ ఇద్దరు పోయారు. హెల్మెట్, సెంట్రీ, వైర్‌లెస్ అన్నీ ఉండాల్సిందే. మీరు చెట్టు కింద కూర్చున్నప్పుడు మీ జోడీదారు నిలబడి చుట్టూ చూస్తుండాలి. దాన్ని పెద్దాయనకు ముందే చెప్పేయండి, ఆయన ఏమీ అనుకోడు.

మాటకు ఎంత బలముందో కూడా మన సైన్యం చూసింది. 1953లో కొరియాలో యుద్ధ ఖైదీల కాపలా మనకు అప్పగించారు. ఖైదీలు మన అధికారి ఒకరిని తమ కంచెలోకి లాక్కుపోతే, కమాండరు మేజర్ జనరల్ థోరట్ స్వయంగా లోపలికి వెళ్లి మాట్లాడి, తూటా పేలకుండా ఆయన్ను బయటికి తెచ్చారు.

నోట్‌బుక్, అప్పగింత

ఏడాదికి బెటాలియన్ మారిపోతుంది. మీరు సంపాదించిన పరిచయమంతా మీతోపాటే విమానం ఎక్కేస్తుంది. కొత్తవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టి, మళ్లీ ఆవుల లెక్క అడుగుతారు. ఊరివాళ్లకు ప్రతి ఏడూ ఇదే తంతు. నాకు దీని మీదే ఎక్కువ బాధ, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను.

నూరు పేజీల నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. ప్రతి ఊరికి రెండు పేజీలు. ఊరి పెద్ద పేరు ఎలా పలకాలి, ఎవరింట్లో ఎవరు జబ్బు పడ్డారు, ఏ ఎద్దు పేరేమిటి, ఏ మాట నొప్పించింది, మనం ఏం చేస్తామన్నాం, అది అయ్యిందా. సాయంత్రం క్యాంపుకు రాగానే రాయండి, వాళ్ల ముందు కూర్చుని రాస్తే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది. అది ఎవరి చేతికైనా చిక్కితే మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి ఎవరు ఏ పక్షమో, ఎవరు ఏ సంగతి చెప్పారో అందులో రాయకండి. అవి వేరే దారిలో వెళ్లాల్సినవి. నోట్‌బుక్‌ను పైఅధికారికి చెప్పి, తాళం వేసిన పెట్టెలోనే ఉంచండి.

మీ బదులు పనిచేసే కొత్త బ్యాచ్ (రిలీఫ్) వచ్చాక చివరి గస్తీకి కొత్త హవల్దారును వెంట తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి ఆ రెండు పేజీలు అతనితో చదివించండి. ఊళ్లో ముందు మీరు కూర్చోండి, పలకరింపు అంతా మామూలుగా జరగనివ్వండి. తర్వాత అతని పేరు, అతని ఊరు, అతనికి ఎంతమంది పిల్లలో చెప్పి, "నా తమ్ముడు, ఇక నుంచి ఇతను వస్తాడు" అని అతని చేయి తీసి పెద్దాయన చేతిలో పెట్టండి. పెద్దాయన ఆ చేయి వదలడానికి టైమ్ పడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రశ్నకు మీరు జవాబివ్వకండి, అతన్ని చెప్పనివ్వండి.